ఛాయాచిత్రకళలో ఏకలవ్య శిష్యరికము

మన యిండ్లలో గోడలమీద పెద్దల పటములు వ్రేలాడుచుండుట అందరు నెరిగినదే. ఆ పటములలో అనేకమునకు ఒకే చరిత్ర. తాతగారు పోయిన పిమ్మట, పెద్దదినమునకు పటము కావలసివచ్చి ఇల్లంతయు వెదకుదురు. ఏదో పెండ్లిలో నలువదిమంది నిలిచిన గుంపుచిత్రము దొరకును. అందులోనుండి ఆయన తలను వేరుచేయించి, పెద్దది చేయించి, కట్టు కట్టించి పూలమాల వేయుదురు. ఎనుబదియేండ్లు బ్రతికిన మనుష్యుని ముఖము మనుమలకు మిగులునది అంతియే. ఎండకు కనులు చిట్లించుకొన్న ఆ ఒక్క క్షణమే వారికి తాతగారు.

నేడు ప్రతివారి చేతను కెమేరా గల ఫోను ఉన్నది కదా, ఇక లోటెక్కడిది అని శ్రోతలు అడుగవచ్చును. చిత్రముల సంఖ్య పెరిగినమాట నిజము. కాని వేయి చిత్రములున్న ఫోనులో అమ్మగారిని నిదానముగ, మంచి వెలుగులో, ఆమె ఆమెగా కనబడునట్లు తీసినది ఒక్కటి చూపుడని అడిగినచో, చాలమంది వెదకుచునే యుందురు.

ఒక వ్యక్తిని, అతని స్వభావమును చూపుటకై తీసిన చిత్రమును పోర్ట్రెయిట్ అందురు. మేము దానిని రూపచిత్రమని పిలుతుము. ఈ కళను నేర్వగోరువారు మమ్ము మొదట అడుగు ప్రశ్న “ఏ కెమేరా కొనవలెను?” అనునది. మా సమాధానము వారికి అంతగా రుచింపదు. కొనుటకు ముందు ఒక నెల దినములు గొప్పవారి చిత్రములను చూడుడని మేము చెప్పుదుము.

పందొమ్మిదవ శతాబ్దమున పారిస్ నగరములో నాడార్ అను పేర ప్రసిద్ధుడైన ఛాయాగ్రాహకుడు ఒకడుండెను. చిత్రకారులు, కవులు, నటీమణులు ఆయన స్టూడియోకు వచ్చెడివారు. వారిని ఆయన బొమ్మల తెరలముందు, పూలకుండీల నడుమ నిలుపక, సాదా తెర ముందర కూర్చుండబెట్టి తీసెడివాడు. ఆ పేరు తనదే యని తమ్మునితో పోరాడిన వ్యాజ్యములో ఆయన ఒక మాట వ్రాసెను. దాని భావమిది: ఛాయాగ్రహణ సిద్ధాంతమును గంటలో నేర్వవచ్చును, పనిని ఒక దినములో నేర్వవచ్చును, వెలుగును గుర్తించు మనస్సును, ఎదుటి మనుష్యుని పోల్చుకొను శక్తిని మాత్రము ఎవరును నేర్పలేరు. ఈ మాటతో మేము సగమే ఏకీభవింతుము. నేర్పుట వీలుకాకపోవచ్చును. నేర్చుకొనుట వీలగును. ఏకలవ్యుని ముందరనున్న మట్టిబొమ్మ అతనికి ఒక్కమాటయు చెప్పలేదు. అయినను అతడు విద్య నేర్చెను. మహాఛాయాగ్రాహకుల చిత్రములు ఆ మట్టిబొమ్మకన్న చాల ఉదారమైన గురువులు. అవి తమ రహస్యమును ముఖముమీదనే వ్రాసికొని యుండును. మనకు చదువుట తెలియవలెను.

చదువుట యెట్లు? ఒక మంచి రూపచిత్రము దొరకినచో, మొదట ఆ మనుష్యుడు ఎవరో కాసేపు మరచిపోవలెను. కనుపాపలవంక చూడుడు. అందు తెల్లని చుక్క యొకటి మెరయుచుండును. అది వెలుగు వచ్చిన చోటుయొక్క ప్రతిబింబము. నాలుగు పలకలుగ నున్నచో బహుశః కిటికీ. గుండ్రముగ నున్నచో దీపము. రెండు చుక్కలున్నచో రెండు దీపములు. కనుపాపను గడియారముగ భావించినచో, చుక్క పదిగంటల స్థానమున నున్నప్పుడు వెలుగు పైనుండి, చూచు మనకు ఎడమవైపునుండి వచ్చినదన్నమాట. పిమ్మట ముక్కునీడను చూడుడు. అది పొట్టిగ క్రిందికి దిగినచో వెలుగు ఎదుటనుండి, ఎత్తునుండి వచ్చినది. చెంపమీదికి సాగినచో ప్రక్కనుండి వచ్చినది. ఆ నీడ చెంపనీడతో కలిసి, చీకటి వైపున కంటిక్రింద చిన్న ముక్కోణపు వెలుగును మిగిల్చినచో దానిని రెంబ్రాంట్ వెలుగు అందురు. పదునేడవ శతాబ్దపు డచ్చి చిత్రకారుని పేరు ఇరువదవ శతాబ్దపు విద్యుద్దీపమునకు వచ్చినదనిన, కెమేరావారు ఎవరిని చూచి నేర్చుకొనిరో వేరుగ చెప్పనక్కరలేదు.

నీడయొక్క అంచును కూడ చూడవలెను. కత్తితో కోసినట్లున్నచో వెలుగు మూలము చిన్నదో, సూర్యునివలె బహుదూరముననున్నదో అయి యుండును. మెల్లగా కరగిపోయినచో అది పెద్దది, దగ్గరది. ఇక చెవులు. ముక్కు పెద్దదై చెవులు వెనుకకు నక్కినట్లున్నచో కెమేరా ముఖమునకు మరీ చేరువకు వచ్చినది. మన ఫోనులతో చేయిచాచి తీసికొను చిత్రములలో ముఖములు వికృతమగుటకు ఇదియే కారణము. ముఖములో దోషము లేదు. అయిదారడుగుల దూరమున నిలిచిన కెమేరా మనుష్యుని మర్యాదగా చూచును.

ఇట్లు నేర్చుకొనినవారిలో యూసుఫ్ కార్ష్ చరిత్ర మాకు మిక్కిలి ఇష్టమైనది. ఆయన 1908లో, నేటి తుర్కీ దేశములోని మార్దిన్ పట్టణమున ఆర్మీనియన్ కుటుంబములో పుట్టెను. ఆ జాతిపై జరిగిన ఘోరకలిని బాల్యముననే చూచి, యౌవనారంభమున కెనడాలోని మేనమామ యొద్దకు చేరెను. మేనమామ ఛాయాగ్రాహకుడు. ఆయన 1928లో ఈ పిల్లవానిని బోస్టను నగరమున గారో అను మరియొక ఆర్మీనియన్ ఛాయాగ్రాహకునియొద్దకు పంపెను. కొద్దినెలలకని వెళ్లినవాడు మూడేండ్లుండెను. గారో అతనికి రసాయనముల పని నేర్పుటతో ఊరకుండలేదు. చిత్రకళా తరగతులకు పంపెను. రెంబ్రాంట్, వెలాస్కెజ్ మొదలగువారి చిత్రములను శ్రద్ధగా చూడుమని చెప్పెను. కార్ష్ వెలుగును, కూర్పును అచ్చట నేర్చెను. వారిరువురు చిత్రకారులకు కెమేరా యన్న నేమో తెలియదు. అయినను ఆయనకు వారే గురువులు.

గారో సూర్యకాంతితోనే పనిచేసెడివాడు. పొద్దు వాలిన పని ఆగెడిది. కార్ష్ అటుపిమ్మట ఒట్టావాలో 1932లో స్వంత స్టూడియో పెట్టి, అక్కడి నాటకసంఘముతో పరిచయము కలిగినప్పుడు రంగస్థల దీపములను చూచెను. దీపము ఆజ్ఞకు లోబడునని అప్పుడు తెలిసెను. ఆయన చిత్రములలో చేతులు సయితము విడిగ వెలుగు పొందియుండుట గమనింపుడు. చేయి ముఖమువలెనే మాటలాడునని ఆయనకు తెలియును. మన చిత్రములలో చేతులు తరచు తొడలమీద బొమ్మచేతులవలె పడియుండును.

ఆయనను లోకప్రసిద్ధుని చేసినది 1941 డిసెంబరు 30వ తేదీన తీసిన చర్చిలు చిత్రము. బ్రిటిషు ప్రధాని ఆనాడు కెనడా పార్లమెంటులో ప్రసంగించి ప్రక్కగదిలోనికి వచ్చెను. చిత్రము తీయుదురని ఆయనకు ముందుగ చెప్పినవారు లేరు. విసుగుతో కొద్ది నిముషములు మాత్రము అనుమతించి, చుట్ట వెలిగించెను. కార్ష్ బూడిదపళ్లెము చూపెను; ఆయన చుట్ట విడువలేదు. కార్ష్ కెమేరా సరిచూచుకొని, మెల్లగా దగ్గరకు పోయి, క్షమింపుడని పలికి, నోటిలోని చుట్టను లాగికొనెను. ఆ కోపమే చిత్రమైనది. యుద్ధకాలపు బ్రిటను పట్టుదలకు అది గుర్తుగ నిలిచినది. వెంటనే తీసిన రెండవ చిత్రములో చర్చిలు చిరునవ్వుతో నున్నాడు. అది చూచినవారు తక్కువ. (మొదటి చిత్రపు ప్రతి ఒకటి ఒట్టావాలోని హోటలు గోడనుండి దొంగిలింపబడినదని, ఆ చోట నకిలీ వ్రేలాడుచున్నదని 2022లో బయటపడెను. అసలుది 2024లో ఇటలీనుండి తిరిగి వచ్చినది. నెలల తరబడి ఎందరో ఆ నకిలీని చూచుచు పోయిరి. చూచుటకును చదువుటకును గల భేదమునకు ఇంతకన్న నిదర్శనము వలదు.)

ఈ కథను విన్న యువకులు చుట్ట లాగుటే పాఠమనుకొందురు. మా అభిప్రాయము వేరు. కార్ష్ తన దీపములను ముందటి రాత్రియే అమర్చి యుంచెను. ఎచ్చట నిలిచిన ముఖముమీద ఏ నీడ పడునో ఆయనకు అప్పటికే తెలియును. అందుచేతనే ఆ రెండు నిముషములలో ఆయన కెమేరాను గాక మనిషిని చూడగలిగెను. అంతటి సిద్ధత లేనివాడు చుట్ట లాగినచో తిట్లు మాత్రమే మిగులును.

మేము కొందరు మిత్రులము ఆదివారములందు కూడి ఈ సాధన చేయుచుందుము. ఒక మిత్రుని తల్లిగారు కెమేరా కనబడినంతనే పెదవులు బిగించి, పాస్‌పోర్టు చిత్రమునకు కూర్చున్నట్లు కూర్చుండెడివారు. ఆమెను నవ్వించుటకు ఎవరును ప్రయత్నింపలేదు. వంటయింటి కిటికీప్రక్క పీట వేసి, కెమేరాను అయిదడుగుల దూరమున స్టాండుపై నిలిపి, ఆమెకు చేటలో బియ్యము ఇచ్చితిమి. బియ్యములో రాళ్లు ఏరుట ఆమె డెబ్బదియేండ్లనుండి చేయుచున్న పని. పావుగంట గడచెను. “ఏమిరా అబ్బాయిలూ, తీస్తారా, ఈ బియ్యం వండి పెట్టమంటారా?” అని ఆమె తల యెత్తిరి. ఆ చూపే చిత్రమైనది. అందులో మా గొప్ప ఏమియు లేదు. కిటికీ వెలుగు ఆమెకై ముందే కాచుకొని యుండెను.

ఇక మీ కెమేరా చాలదని బెంగపడువారు జూలియా మార్గరెట్ కామెరాన్ చరిత్రను వినవలెను. ఈమె 1815లో మన కలకత్తాలో పుట్టిన ఆంగ్లేయ వనిత. 1863లో, నలువదియెనిమిదవ యేట, కుమార్తెయు అల్లుడును ఒక కెమేరాను కానుకగా నిచ్చిరి. ఒంటరితనమున పొద్దుపోకకై ఇచ్చిన వస్తువు అది. ఆమె బొగ్గులకొట్టును చీకటిగదిగను, కోళ్ల గూడును అద్దాల స్టూడియోగను మార్చెను. ఆ కాలమున గాజుపలకమీద మందు పూసి, తడియారక ముందే చిత్రము తీసి కడుగవలెను. కూర్చున్నవారు నిముషముల తరబడి కదలకుండవలెను. ఊపిరి కదలికకే అంచులు కరగెడివి. నిపుణులు ఆమె చిత్రములు మసకబారినవని ఆక్షేపించిరి. ఆమె లక్ష్యపెట్టలేదు. 1867లో వృద్ధుడైన ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెలును తీయబోవుచు, ఆయన తెల్లని జుట్టును కడిగించి, వెలుగు పట్టునట్లు చెదరనిచ్చెను. చీకటిలోనుండి ముఖము, జుట్టు మాత్రమే పైకి వచ్చును. కుర్చీ లేదు, పుస్తకము లేదు, దూరదర్శిని లేదు. ఆయన నక్షత్రములను చూచినవాడని ఆ కనులే చెప్పును.

ఈమెనుండి మనము నేర్వదగినది మసకదనము కాదు. ముఖమునకు అవసరము లేనిదానిని చీకటిలోనికి త్రోసివేయుట. గోడ కాలెండరు, ఫ్రిజ్జు, వెనుకనున్న మనుష్యుని మోచేయి, ఇవి మన చిత్రములలో తొలుత కనబడు వస్తువులు. కూర్చున్నవారిని కిటికీచెంతకు తెచ్చి, వెనుకగోడను పది పండ్రెండడుగుల దూరమున నుంచినచో ఆ గోడ తనంత తాను నల్లబడును.

దూరదేశములమాట చాలును. మన గడ్డమీదనే గురువొకరుండిరి. రాజా దీనదయాళు 1844లో మీరటు సమీపమున సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగము చేయుచు కెమేరా పట్టెను. అటుపిమ్మట ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై, 1880లలో సికింద్రాబాదున స్టూడియో స్థాపించెను. ఆయన తీసిన కోటలను, వేటవిడుదులను జనులు మెచ్చుకొందురు. మాకు ఆయన రూపచిత్రములే హెచ్చు. అందు నగలును, తలపాగాలును, జరీయంచులును ఒక్కొక్క పోగుగ కనబడును. అయినను చూపు ముఖముమీదికే తిరిగివచ్చును. 1892లో ఆయన హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగ జనానా స్టూడియో తెరచి, ఒక ఆంగ్ల వనితను నియమించెను. ఇందు వ్యాపారబుద్ధి ఉన్నమాట నిజమే. కాని కూర్చున్నవారు నిర్భయముగ నున్నగాని ముఖము తెరచుకొనదను సత్యమును కూడ ఆయన గ్రహించెనని మేము తలంతుము. ఆయన 1905లో మరణించెను. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగ నున్నవి.

గురువుల చిత్రములలో మనకు కలత కలిగించునవియు నుండును. డొరొతియా లాంగ్ అను అమెరికను వనిత పదేండ్లకు పైగా శాన్‌ఫ్రాన్సిస్కోలో ధనికులకు రూపచిత్రములు తీసి, ఆర్థికమాంద్యపు దినములలో వీధికి వచ్చెను. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో బటానీలు ఏరు కూలీల మకామున ఒక తల్లిని, పిల్లలను చూచెను. ఆమె తీసిన చిత్రములను వరుసగ పెట్టి చూచినచో గొప్ప పాఠము కలదు. మొదట గుడారమంతయు దూరమునుండి కనబడును. ఒక్కొక్క చిత్రమునకు కెమేరా చేరువకు వచ్చును. తుదకు తల్లి ముఖము, చెంపను తాకు చేయి, ఇరువైపుల ముఖము త్రిప్పుకొన్న పిల్లలు, ఇంతే మిగులును. ఈ వరుస నేడు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున ఉన్నది. కంప్యూటరులో ఎవరైనను ఉచితముగ చూడవచ్చును. మొదటి చిత్రముతోనే తృప్తిపడి మరలిపోవువారందరు దీనిని తప్పక చూడవలెను.

కాని లాంగ్ ఆ తల్లి పేరు అడుగలేదు. ఆ చిత్రము పత్రికలలో, పుస్తకములలో దేశమంతట తిరిగెను. ఆ తల్లి యెవరో లోకమునకు తెలియుటకు నలువదియేండ్లు పట్టెను. తన ముఖమువలన తనకు దమ్మిడీ రాలేదని ఆమె బాధపడెను. ఆ చిత్రము గొప్పది. ఆమె ఫిర్యాదును న్యాయమైనదే. రెండింటిని కలిపియే మేము విద్యార్థులకు చెప్పుదుము. బజారులో పండ్లమ్ము అవ్వ ముడుతలు అందముగ నున్నవని, అడుగకుండ దొంగచాటున తీసి నలుగురికి పంచుట మన ఊళ్లలోను సాగుచున్నది. అవ్వ పేరు అడుగుట కెమేరా పనిలో భాగము.

ఇర్వింగ్ పెన్ అను మరియొక అమెరికను 1948 డిసెంబరులో పెరూ దేశపు కుజ్కో పట్టణమున స్థానిక ఛాయాగ్రాహకుని స్టూడియోను కొద్ది దినములకు అద్దెకు తీసికొని, వచ్చిన గ్రామీణులను తీసెను. పండుగ చిత్రమునకై వచ్చినవారు డబ్బిచ్చుటకు సిద్ధపడగా, ఆయనే వారికి ఎదురు డబ్బిచ్చెను. ఒక సాదా తెర, రాతినేల, ఒకవైపు పగటి వెలుగు, ఇంతకుమించి ఆ చిత్రములలో ఏమియు లేదు. మన చిన్నపట్టణపు స్టూడియోవానికి అంతకన్న ఎక్కువే యున్నది.

ఇంట చేయదగిన సాధన చెప్పెదము. ఏదైన ఒక గురుచిత్రమును ఎన్నుకొనుడు, ఒక్కటి చాలును. దాని వెలుగు ఎచ్చటనుండి వచ్చినదో కాగితముమీద గీయుడు. మీ యింట ఎండ నేరుగ పడని కిటికీని ఉదయము తొమ్మిదిగంటలకు వెదకి, ఇంటివారిలో ఒకరిని దానికి ప్రక్కగా, మూడడుగుల దూరమున కూర్చుండబెట్టుడు. ఇంటిదీపములన్నియు ఆర్పివేయుడు. చీకటివైపు మరీ నల్లగనున్నచో, ఉతికిన తెల్లని పంచెను కుర్చీ వెనుకకు కప్పి ఆ వైపున నిలుపుడు. చెంపమీదికి మెత్తని వెలుగు వచ్చును. ఫ్లాషును తలపెట్టవలదు. మీ చిత్రమును గురుచిత్రము ప్రక్కన పెట్టి, కనుపాప చుక్క, ముక్కునీడ, చెవులు సరిపోల్చుడు. సరిపోయినను మీ చిత్రము ఆ చిత్రము కాదు. ఆ తేడా ఎచ్చట నున్నదో వారము దినములు ఆలోచింపుడు.

ఇచ్చట ఒక్క మాట గట్టిగ చెప్పవలసియున్నది. మన స్టూడియోలలో నల్లనివారిని తెల్లగ దిద్దు ఆచారము చాలకాలమునుండి కలదు. పెండ్లిచూపులకు పంపు చిత్రములయందు ఇది మరింత. ఇప్పుడు ఫోనులు అడుగకయే ఆ పని చేయుచున్నవి. చామనచాయ ముఖముమీద ప్రక్కకిటికీ వెలుగు పడినప్పుడు బుగ్గయెముక, నుదురు, ముక్కుదూలము నిగనిగలాడును. ఆ నిగనిగయే ముఖమునకు ఆకారమిచ్చును. తెలుపుచేసినచో అది యంతయు పిండిబొమ్మయగును. ఆ పిల్ల తన ముఖమునకు సిగ్గుపడవలెనని మనమే ఆమెకు చెప్పినట్లగును. ఫోనులో ఆ సౌకర్యమును వెదకి ఆపివేయుట మొదటిపని.

తీసిన చిత్రములలో మంచివి నాలుగైదు అచ్చువేయించి, కూర్చున్నవారి ముందర పరచుడు. వారు ఎన్నుకొనునది తరచు మీరు ఎన్నుకొనునది కాదు. బియ్యమేరిన తల్లిగారు మాకు నచ్చిన చిత్రమును ప్రక్కకు నెట్టి, చేటవంక వంగియున్న దానిని చూపి, “ఇది మా అమ్మలా ఉంది” అనిరి. మేము రెండింటిని కట్టు కట్టించితిమి. కట్టు కట్టించుటకు ముందు వెనుకవైపున పేరు, ఊరు, సంవత్సరము మెత్తని పెన్సిలుతో, అంచుదగ్గర, ఒత్తకుండ వ్రాయవలెను. సిరా కాలక్రమమున ముందువైపునకు దిగు ప్రమాదము కలదు.